క్రిస్మస్ తరువాత నలభై రోజులు: సంఘ ఆరాధనను నడిపించే విధానం

డిసెంబరు 25 ఆరాధన ముగిసిన మరునాడే నక్షత్రాన్ని దించి, పశువుల పాకను పెట్టెలో సర్ది, గాయక బృందానికి సెలవిచ్చి, పండుగ అయిపోయిందని ఊపిరి పీల్చుకునే సంఘాలు ఎన్నో ఉన్నాయి. నెల రోజులు నిద్ర చాలక పనిచేసినవారి అలసటను నేను తప్పుపట్టను. అయితే సంఘ క్యాలెండరు ప్రకారం క్రిస్మస్ కాలం మొదలయ్యేదే ఆ రోజున. ఆగమన కాలం నాలుగు ఆదివారాలూ ఎదురుచూసి, ఆయన వచ్చాక ఒక్క పూటతో సరిపెట్టుకోవడం న్యాయం కాదు. లూకా సువార్తలోని బాల్య వృత్తాంతం తొట్టి దగ్గర ఆగిపోదు. ఎనిమిదో రోజున శిశువుకు యేసు అని పేరు పెట్టడం, శుద్ధీకరణ దినాలు నిండాక యెరూషలేము దేవాలయంలో వృద్ధుడైన సుమెయోను ఆయనను చేతుల్లోకి ఎత్తుకోవడం వరకు అది సాగుతుంది. డిసెంబరు 25తో కలిపి లెక్కిస్తే నలభయ్యో రోజు ఫిబ్రవరి 2. సంఘం ఆ శిశువు వెంట అక్కడి వరకు నడవాలన్నది నా కోరిక. సంఘ కాపరులు, పెద్దలు, సండే స్కూల్ ఉపాధ్యాయులు, గాయక బృందాన్ని నడిపేవారు ఆ నడకను ఎలా ఏర్పాటు చేసుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా తేదీలు

ఈ పని నవంబరు చివరిలోనే, ఆగమన కాలపు హడావిడి మొదలుకాకముందే చేసుకోవాలి. జ్ఞానుల రాకను గుర్తుచేసుకునే జనవరి 6 ప్రత్యక్షత పండుగ మారదు, ఫిబ్రవరి 2 మారదు. కాని ఆ తరువాత వచ్చే శ్రమకాలం, అంటే ఈస్టరుకు ముందటి ఉపవాస కాలం, ఈస్టరును బట్టి ముందుకో వెనక్కో జరుగుతుంది. ఈస్టరు ఆదివారం నుండి వెనక్కి 46 రోజులు లెక్కిస్తే శ్రమకాలపు మొదటి రోజైన భస్మ బుధవారం వస్తుంది. అందులో ఆరు ఆదివారాలు తీసివేయగా మిగిలినవి నలభై ఉపవాస దినాలు. ఉదాహరణకు 2027లో ఈస్టరు మార్చి 28 కనుక భస్మ బుధవారం ఫిబ్రవరి 10నే వస్తుంది, ప్రత్యక్షత పండుగకూ దానికీ మధ్య ఐదు ఆదివారాలే ఉంటాయి. ఈస్టరు తేదీని బట్టి ఈ ఆదివారాలు నాలుగు నుండి తొమ్మిది వరకు ఉండవచ్చు. ఈ లెక్క ముందే చూసుకోకపోతే వరుస ప్రసంగాలు మధ్యలో తెగిపోతాయి, బాప్తిస్మపు తరగతులు శ్రమకాలంతో ఢీకొంటాయి.

తేదీలు తేల్చుకున్నాక వాటిని సంఘానికి తెలియజేయడానికి అందమైన పాత పద్ధతి ఒకటి ఉంది. అచ్చు క్యాలెండర్లు లేని కాలంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా బిషప్పు ఆ ఏటి ఈస్టరు తేదీని లేఖ ద్వారా సంఘాలకు తెలిపేవాడు. క్రొత్త నిబంధనలోని 27 పుస్తకాలను నేడు మనకున్నట్టుగానే లెక్కించి చూపిన అక్కడి బిషప్పు అథనాసియస్ లేఖ కూడా, క్రీ.శ. 367లో వ్రాసినది, అటువంటి పండుగ లేఖే. పశ్చిమ సంఘాల్లో ప్రత్యక్షత పండుగ నాడు, సువార్త పఠనం తరువాత, భస్మ బుధవారం మొదలుకొని రాబోయే ఆగమన కాలం వరకు ముఖ్యమైన తేదీలను ప్రకటించే ఆచారం ఈనాటికీ ఉంది. దానిని ప్రకటనల భాగంలో కలిపివేయకండి. మంచి స్వరం ఉన్న ఒకరిని నిలబెట్టి, నిదానంగా చదివించండి లేదా రాగయుక్తంగా పాడించండి. రాబోయే సంవత్సరమంతా ప్రభువు మరణ పునరుత్థానాల చుట్టూ తిరుగుతుందని సంఘం ఆ రెండు నిమిషాల్లో వింటుంది.

పన్నెండు రోజులు

డిసెంబరు 25 నుండి జనవరి 5 వరకు ఉన్నవి క్రిస్మస్ పన్నెండు రోజులు. వాటిలో డిసెంబరు 26 స్తెఫను దినం, 27 అపొస్తలుడైన యోహాను దినం, 28 హేరోదు చంపించిన పసిపిల్లల జ్ఞాపకదినం. ఇన్ని ఆరాధనలు జరిపే శక్తి చిన్న సంఘానికి ఉండదు, ఉండనవసరమూ లేదు. క్రిస్మస్ తరువాతి ఆదివారాన్ని తేలికగా ఉంచండి: మూడు నాలుగు లేఖన భాగాలు, వాటి మధ్య సంఘం కోరిన క్రిస్మస్ పాటలు, ఒక చిన్న ప్రసంగం. కాపరికి విశ్రాంతి అవసరమైతే పెద్దలలో ఒకరు ప్రసంగించవచ్చు.

అయితే పసిపిల్లల జ్ఞాపకదినాన్ని మాత్రం దాటవేయవద్దు. మత్తయి 2వ అధ్యాయంలోని ఆ పదహారో వచనం నుండి పద్దెనిమిదో వచనం వరకు పండుగ రోజుల్లో చదవడానికి మనకు మనసొప్పదు. కాని కడుపున పడిన బిడ్డను పోగొట్టుకున్న తల్లి, ఎదిగిన కొడుకును పాతిపెట్టిన తండ్రి ప్రతి సంఘంలోనూ ఉంటారు, పండుగ పాటల మధ్య వారు పడే బాధ ఎవరికీ చెప్పుకోలేనిది. ఒక సాయంత్రం అరగంట ఆరాధన చాలు. ఆ భాగం చదవండి, ఒక విలాప కీర్తన చదవండి, వచ్చినవారు ఒక్కొక్కరు దీపం వెలిగించేంతసేపు మౌనంగా ఉండండి. బిడ్డల పేర్లను ప్రార్థనలో పలకాలనుకుంటే తల్లిదండ్రుల అనుమతిని ముందుగా ఏకాంతంలో అడగండి. అనుమతి లేకుండా పలికిన పేరు ఓదార్పు కాదు, గాయమే. ప్రసంగం వద్దు. అటువంటి చోట వివరణలు ఇవ్వబోయి నేను ఒకసారి నొప్పించాను, అప్పటి నుండి వాక్యం చదివి కూర్చుంటున్నాను.

అలంకరణల విషయంలో వాదోపవాదాలు జరుగుతుంటాయి. కొందరు జనవరి 5 రాత్రికి తీసివేస్తారు, కొందరు ఫిబ్రవరి 2 వరకు ఉంచుతారు. రెండూ పాత ఆచారాలే. మధ్యేమార్గంగా చెట్టును, తోరణాలను జనవరి 6 తరువాత తీసివేసి, పశువుల పాకను మాత్రం నలభయ్యో రోజు వరకు ఉంచమని నా సలహా. జ్ఞానుల బొమ్మలను మొదటి రోజునే తొట్టి పక్కన నిలబెట్టకండి. మందిరంలో అన్నిటికంటే వెనక ఉన్న కిటికీ గట్టు మీద పెట్టి, ప్రతి ఆరాధనకు ఒక కిటికీ చొప్పున ముందుకు జరిపే పనిని సండే స్కూల్ పిల్లలకు అప్పగించండి. మా మందిరంలో ఈ పని మొదలుపెట్టిన ఏడాది, ఒక చిన్నపాప ఒంటె బొమ్మను రెండు చేతుల మధ్య పట్టుకుని, దాని కాలు విరుగుతుందేమోనన్నంత జాగ్రత్తగా బల్లల మధ్య నడిచి వెళ్లింది. జ్ఞానులు చాలా దూరం నుండి వచ్చారన్న సంగతి ఆ రోజు సంఘమంతటికీ కళ్లకు కట్టింది.

సంవత్సరాంతపు రాత్రి

డిసెంబరు 31 రాత్రి మేల్కొని ప్రార్థించే ఆచారం మొరేవియన్ సంఘం అనే ప్రొటెస్టంట్ శాఖలో, జర్మనీలోని హెర్న్‌హట్‌లో, 1733లో కనబడుతుంది. మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ తన వారి మధ్య దానిని ప్రోత్సహించాడు. దేవునితో నిబంధనను నూతనపరచుకునే ఆరాధనను కూడా ఆయనే 1755లో లండనులో జరిపించాడు, తరువాతి కాలంలో అది కొత్త సంవత్సరంతో ముడిపడింది. మీ సంఘం ఏ శాఖకు చెందినదైనా ఈ రెండింటినీ కలిపి ఒక మంచి ఆరాధన రూపొందించుకోవచ్చు.

ఇందులో సాధారణంగా జరిగే పొరపాటు తొందర. నన్ను నీకు ఇష్టమైన పనిలో నియమించు, నీ కోసం హెచ్చించబడినా తగ్గించబడినా సరే అన్న అర్థం గల గంభీరమైన మాటలను జనం ఆ రాత్రే మొదటిసారి చూసి, గుంపుతో కలిసి గడగడ చదివేస్తారు. నిబంధన ప్రార్థనను వారం ముందే అచ్చు వేసి ఇంటికి పంపండి. ఇంట్లో చదివి, ఒప్పుకోగలిగితేనే పలకమని కాపరి స్పష్టంగా చెప్పాలి. ఆరాధనలో ఆ ప్రార్థనకు ముందు గడియారం చూసి మూడు నిమిషాలు పూర్తి మౌనం పాటించండి. సంగీతం కూడా వద్దు. సాక్ష్యాలు, పాటలు పదకొండున్నరకల్లా ముగిస్తే మోకాళ్ల ప్రార్థనకూ ప్రభురాత్రి భోజనానికీ నెమ్మది దొరుకుతుంది. కొత్త సంవత్సరపు మొదటి రోజు శిశువు నామకరణ దినం కూడా కనుక లూకా 2:21 చదవడం మరువకండి, ఆ ఒక్క వచనమే చాలు.

ప్రత్యక్షత, బాప్తిస్మము

జనవరి 6 పండుగ పశ్చిమ సంఘాలకు జ్ఞానుల రాక, తూర్పు సంఘాలకు ప్రభువు బాప్తిస్మము. అర్మేనియా సంఘం జననాన్నీ బాప్తిస్మాన్నీ ఆ ఒక్క రోజే ఆచరిస్తుంది. పాత జూలియన్ క్యాలెండరు పాటించే సంఘాలకు క్రిస్మస్ జనవరి 7న, ప్రత్యక్షత పండుగ జనవరి 19న వస్తాయి. మీ మధ్య అటువంటి నేపథ్యం గలవారు ఉంటే ఆ రోజుల్లో వారిని పేరుపెట్టి పలకరించండి. జ్ఞానులు ముగ్గురని మత్తయి చెప్పలేదు, కానుకలు మూడని మాత్రమే చెప్పాడు. వారు వచ్చింది పాకకు కాదు, ఇంటికి. పిల్లలతో నాటిక వేయించేటప్పుడు వాక్యాన్ని తెరిచి ఇవి వారికే కనుక్కోనివ్వండి. వారంలో ఆరాధన కుదరని సంఘాలు దగ్గరి ఆదివారానికి పండుగను మార్చుకోవచ్చు.

ఆ తరువాతి ఆదివారం ప్రభువు బాప్తిస్మపు ఆదివారం. గత సంవత్సరం బాప్తిస్మం పొందినవారి పేర్లను రిజిస్టరులో చూసి వారిని ముందు వరుసలకు ఆహ్వానించండి. ఆ రోజు నీళ్లను ముందే నింపి పెట్టకుండా, అందరూ చూస్తుండగా ఒక పెద్ద కూజా నుండి పాత్రలోకి ఎత్తు నుండి పోయండి. ఆ శబ్దం చివరి వరుస వరకు వినబడాలి, మైకు అవసరం లేనంతగా. అప్పుడు సంఘం తన బాప్తిస్మపు ప్రమాణాలను మరల పలుకుతుంది. క్రిస్మస్ రాత్రి మొదటిసారి మందిరానికి వచ్చినవారిని పిలవడానికి ఇంతకంటే తగిన ఆదివారం లేదు. ఆ రాత్రి వారు స్వయంగా చిరునామా ఇచ్చి ఉంటే, ఒక చేతివ్రాత ఉత్తరం చాలు. పదే పదే ఫోను చేయకండి.

జనవరి 18 నుండి 25 వరకు క్రైస్తవ ఐక్యతా ప్రార్థన వారం. 1908లో మొదలైన ఈ వారానికి దక్షిణార్ధగోళంలో పెంతెకొస్తు పరిసరాల్లో వేరే తేదీలు పాటించే సంఘాలు ఉన్నాయి. పొరుగు సంఘంతో ఒక సాయంత్రం కలిసి ప్రార్థించండి, వేదికను వారికి అప్పగించండి.

నలభయ్యో రోజు

క్రిస్మస్ రాత్రి వెలిగించిన కొవ్వొత్తుల ముక్కలను పారవేయకండి. ఒక అట్టపెట్టెలో దాచి, ఫిబ్రవరి 2కు బయటికి తీయండి. వాటి వత్తులు కరిగిన మైనంలో మునిగిపోయి ఉంటాయి. ఒక చిన్న చాకు మొనతో చుట్టూ మైనాన్ని గీకి వత్తిని అర అంగుళం పైకి తేవాలి, లేకపోతే వెలగవు. ఈ పని ముందు రోజు ఇద్దరు ముగ్గురు కూర్చుని చేసుకోదగినది, యువకులూ వృద్ధులూ కలిసి చేస్తే మరీ మంచిది. దేవాలయంలో శిశువును చూసి సుమెయోను, అన్యజనులకు వెలుగు అని పాడిన పాటను బట్టే ఈ దినాన కొవ్వొత్తులను ఆశీర్వదించి ఊరేగింపుగా తీసుకువెళ్లే ఆచారం ఏర్పడింది.

ఆ దినపు ఆరాధనను వృద్ధుల చేతుల్లో పెట్టండి. లేఖనం వారే చదవాలి, ప్రార్థన వారే చేయాలి. మరియ యోసేపులు అర్పించింది గువ్వలను. గొర్రెపిల్లను తేలేని బీదలకు లేవీయకాండము 12లో ధర్మశాస్త్రం అనుమతించిన అర్పణ అది. ప్రసంగానికి ఆ ఒక్క సంగతి సరిపోతుంది. ఆ సంవత్సరంలో పుట్టిన బిడ్డ సంఘంలో ఉంటే, తల్లిదండ్రుల సమ్మతితో, సంఘంలోని అందరికంటే పెద్దవారి చేతికి ఆ బిడ్డను ఇచ్చి ఆశీర్వాదపు ప్రార్థన చేయించండి. చేతులు వణికేవారిని ముందే కుర్చీలో కూర్చోబెట్టండి, తల్లి పక్కనే ఉండాలి. ఆరాధన ముగియగానే పెద్దలు ఇద్దరేసి చొప్పున, మందిరానికి రాలేని వృద్ధుల ఇళ్లకు రొట్టెను, ద్రాక్షారసాన్ని, వెలిగించడానికి ఒక కొవ్వొత్తిని తీసుకువెళ్లాలి. సుమెయోను పాటను వారి పక్కన కూర్చుని నెమ్మదిగా చదవండి. చాలామందికి అది కంఠస్థమే, మీరు మొదలుపెడితే చివరి మాటలు వారే పూర్తి చేస్తారు.

మరునాడు పశువుల పాకను పెట్టెలో సర్దండి, ఏ బొమ్మకు ఏమి విరిగిందో ఒక కాగితం మీద వ్రాసి పెట్టెలోనే ఉంచండి. భస్మ బుధవారానికి ముందటి ఆదివారం రూపాంతరపు వాక్యం చదివే సంఘాలు, హల్లెలూయ పాటలను ఆ రోజు చివరిసారిగా పాడి ఈస్టరు వరకు పక్కన పెడతాయి. భస్మ బుధవారం నుదుట పెట్టే బూడిద కోసం నిరుటి మట్టలాదివారపు మట్టలను ఇళ్ల నుండి తెమ్మని రెండు వారాల ముందే ప్రకటించండి. పూర్తిగా ఎండిన మట్టలను మాత్రమే ఆరుబయట లోహపు డబ్బాలో కాల్చి, చల్లారాక మెత్తని జల్లెడలో రెండుసార్లు జల్లించాలి. బూడిదను నీళ్లతో కలపవద్దు, ఆ క్షారం నుదుటి చర్మాన్ని మండిస్తుంది. కొన్ని చుక్కల నూనె చాలు. మూత గట్టిగా ఉన్న చిన్న సీసాలో పోసి, తేదీ వ్రాసి, బల్ల సామగ్రి ఉన్న అలమరలో పెట్టండి.