పుస్తకం పట్టుకుంటే నిద్రొస్తోందా?

చదివే అలవాటు చేసుకుందామని అందరూ పొగిడే లావుపాటి నవల కొనేస్తుంటారు చాలామంది. ఇరవై పేజీలకే ఆవలింతలు. ముందు కథల సంపుటి పట్టుకోండి. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' చూడండి, ఒక్కో కథ కొన్ని పేజీలే, పైగా బాపు బొమ్మలు. కుక్కర్ విజిల్స్ వచ్చేలోపు ఒకటి అయిపోతుంది. వరసగా చదవాలని రూలేం లేదు. విషయసూచికలో పేరు నచ్చిన కథకి నేరుగా వెళ్లిపోండి. మొదటి పేజీ లాక్కెళ్లకపోతే తిప్పేయండి, ఎవరూ పరీక్ష పెట్టరు.

పుస్తకాన్ని అల్మరాలో దాచొద్దు. ఫోన్ ఛార్జింగ్ పెట్టే చోట, దాని పక్కనే పెట్టండి. చెయ్యి ఎలాగూ రోజంతా అటే పోతుంటుంది కదా! పక్కమీద పడుకుని చదవడం మాత్రం ఇప్పుడప్పుడే వద్దు, పొద్దున కాఫీతో కానివ్వండి.

హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చవగ్గా దొరుకుతాయి. పెద్దగా డబ్బు పోదు కాబట్టి, నచ్చనిది మధ్యలో వదిలేసి ఇంకోటి అందుకోవడానికి మనసొప్పుతుంది.