అప్‌డేట్ చేశాక సెట్టింగ్స్ తేడా కొడుతున్నాయా? ముందు ఫ్లాష్ చదవండి

సమస్య: కొత్త ఫర్మ్‌వేర్ (బోర్డు చిప్‌లో నడిచే ప్రోగ్రామ్) ఎక్కించాక సెట్టింగ్స్ ఎగిరిపోయాయి. లేదా అన్నీ ఉన్నట్టే ఉన్నా బోర్డు వింతగా ప్రవర్తిస్తోంది.

సెట్టింగ్స్ దాచే ఫ్లాష్ మెమరీ పోయిందనుకుని చిప్ పీకేసేవాళ్లను చాలామందినే చూశాను. ముందు డీబగ్గర్ (చిప్ మెమరీని పీసీ నుంచి చదివే పరికరం) తగిలించి సెట్టింగ్స్ ఉన్న పేజీ, అంటే ఫ్లాష్‌లో ఒకేసారి చెరిపే ముక్క, చదవండి. రెండు నిమిషాల పని, అయినా ఎవరూ చేయరు!

పేజీ నిండా ఎఫ్ఎఫ్‌లే (చెరిపిన బైట్ అలాగే కనిపిస్తుంది) ఉంటే ఎవరో చెరిపారు. ఎక్కించే టూల్‌లో ఫుల్ చిప్ ఎరేజ్ టిక్ తీసేయండి. ఈఎస్‌పీ32 చిప్ వాడేవాళ్లు ఎన్‌వీఎస్ (ఫ్లాష్‌లో సెట్టింగ్స్ దాచే లైబ్రరీ) ఉదాహరణ కోడ్‌ని అలాగే దించేసుకున్నారేమో చూడండి. ఇనిట్‌లో (మొదలయ్యేటప్పుడు) ఖాళీ పేజీలు లేవని ఎర్రర్ వస్తే ఆ కోడ్ దాచినవన్నీ తుడిచేస్తుంది. విలువ సెట్ చేశాక, అది ఫ్లాష్‌లోకి చేరేలా కమిట్ ఫంక్షన్ పిలవడం కూడా మరవొద్దు.

డేటా ఉంది, సైజు సరే, సీఆర్‌సీ (డేటా చెడిందో లేదో చూసే చెక్ విలువ) సరే, అయినా తేడా. నన్ను ముంచింది ఇదే. మోటార్ కంట్రోలర్ సెట్టింగ్స్ స్ట్రక్ట్‌లో (సీ భాషలో ఫీల్డ్స్‌ని ఒకచోట కట్టే మూట) ఒక బైట్ మోడ్, దాని తర్వాత 32 బిట్ల బాడ్ రేట్ (సీరియల్ లింక్ వేగం) ఉండేవి. బాడ్ రేట్ (సున్నా నుంచి లెక్కిస్తే) నాలుగో బైట్ నుంచి మొదలవ్వాలి కాబట్టి కంపైలర్ మధ్యలో మూడు బైట్ల ప్యాడింగ్, అంటే ఖాళీ జాగా, పెట్టింది. మొత్తం 8 బైట్లు. తర్వాతి వెర్షన్‌లో మోడ్ పక్కనే ఒక బైట్ రీట్రై కౌంట్ చేర్చాను. అది ప్యాడింగ్‌లో దూరిపోయింది, సైజు మళ్లీ 8. పాత బోర్డుల్లో అక్కడున్నది సున్నా. సీఆర్‌సీ సున్నాతోనే లెక్కగట్టింది కాబట్టి అదీ పాసైంది. రీట్రై సున్నా అంటే ఒకసారి లింక్ తెగితే మళ్లీ ప్రయత్నించదు. ఫీల్డ్‌లో బోర్డులు ఒక్కొక్కటే మూగబోయాయి. నా బెంచీ మీద మాత్రం అంతా బ్రహ్మాండం, ఎందుకంటే నేను ప్రతిసారీ ఫుల్ ఎరేజ్ చేసి డీఫాల్ట్స్‌తో మొదలుపెడుతున్నాను.

పరిష్కారం: సెట్టింగ్స్ డేటా మొదట్లో ఉండే హెడర్‌లో వెర్షన్ నంబర్ పెట్టండి, స్ట్రక్ట్ ముట్టుకున్న ప్రతిసారీ పెంచండి. సైజు చెక్‌ని నమ్ముకోవద్దు. ప్యాడింగ్‌కి కూడా రిజర్వ్‌డ్ అని పేరు పెడితే కనీసం కంటికి కనిపిస్తుంది. చదివేటప్పుడు ముందు డీఫాల్ట్స్ నింపి, వాటి మీద పాత ఫీల్డ్స్ కాపీ చేయండి. విలువ హద్దు దాటితే డీఫాల్టే ఉంచండి. వెర్షన్ లేకుండానే బోర్డులు బయటికి వెళ్లిపోయాయా? మ్యాజిక్ నంబర్ (ఇది మన డేటానే అని గుర్తుపట్టడానికి మొదట్లో రాసే స్థిర సంఖ్య) మార్చండి, పాత మ్యాజిక్ కనిపిస్తే వెర్షన్ సున్నా అనుకోండి.

ఫ్లాష్ అరిగిపోవడం అరుదు. ఎస్‌టీఎం32ఎఫ్103 చిప్‌లో ఒక్కో పేజీకి 10,000 ఎరేజ్‌ల హామీ ఉంది. నిమిషానికోసారి ఎరేజ్ చేసి రాసే లూప్ ఉంటే మాత్రం వారంలోపే అయిపోతుంది. రాస్తుండగా కరెంటు పోతుందని భయముంటే రెండు పేజీల్లో మార్చి మార్చి రాయండి, చాలు.

టెస్టింగ్‌కి పాత ఫర్మ్‌వేర్ ఉన్న బోర్డు ఒకటి దాచుకోండి. డీఫాల్ట్ కాని విలువలు పెట్టి, ఎరేజ్ చేయకుండా అప్‌డేట్ చేసి చూడండి. నా బెంచీ మీద అలాంటిదొకటుంది, పైన "చెరపొద్దు" అని స్టిక్కర్ కూడా వేశాను.