చవితి పత్రిలో ఉమ్మెత్త ఉందా? ముందే చూసుకోండి

వినాయక చవితి ముందురోజు గుడిమల్కాపూర్‌లోనో మోండా మార్కెట్‌లోనో పత్రి కట్ట కొంటాం. పూజలో చెప్పే 21 పత్రాల్లో వంకాయ, టమాటా కుటుంబానివి రెండున్నాయి. ఒకటి బృహతీ పత్రం, అంటే వాకుడాకు. ఈనె మీద కూడా ముళ్ళుంటాయి, గుర్తుపట్టడం తేలిక. దాని వేరు దశమూలాల్లో ఒకటి, దగ్గు మందుల్లో వేస్తారు. నా భయమంతా రెండోదాని గురించే: దత్తూర పత్రం, మన ఉమ్మెత్త.

పోయినేడు మా అక్క కూతురు పత్రి విడదీస్తూ, ఉమ్మెత్తాకు నలిపిన చేత్తో కన్ను నులుముకుంది. సాయంత్రానికి ఆ ఒక్క కంట్లో నల్లచుక్క ఇంతై కూర్చుంది. టార్చి వేసినా ముడుచుకోలేదు. అక్షరాలు మసకగా ఉన్నాయంది. తలలో ఏదో అయిందని అందరికీ ఒకటే టెన్షన్. "పొద్దున ఏ ఆకులు ముట్టుకున్నావమ్మా?" అని డాక్టర్ అడిగాక గానీ సంగతి తెలియలేదు. మామూలు కావడానికి రెండు రోజులు పట్టింది.

అందుకే ఉమ్మెత్తను పెద్దవాళ్ళే విడదీయాలి, వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కట్టలో కాయ కనిపిస్తే ముందే తీసేయండి. దాని గింజలు మిరపగింజల్లాగే ఉంటాయి, వంటగట్టు మీద రాలితే పోల్చుకోలేం.

పూజయ్యాక ఆ ఆకు ఎండబెట్టి ఆయాసానికి పొగ పీల్చేవాళ్ళున్నారు. దయచేసి వద్దు. ఉమ్మెత్తలో మందు గుణం లేదని కాదు. అందులో ఉండే అట్రోపిన్‌నే పురుగుల మందు తాగినవాళ్ళకి ఆసుపత్రిలో ఇంజెక్షన్‌గా ఇచ్చి బతికిస్తారు. ఆయుర్వేదంలో ఉబ్బసానికిచ్చే కనకాసవంలోనూ ఉమ్మెత్త ఉంది. కానీ అక్కడ కొలత ఉంటుంది, చూసుకునే వైద్యుడుంటాడు. మొక్క మొక్కకీ, ఆకు ఆకుకీ విషం పాళ్ళు మారిపోతాయి. ఇంట్లో మనం దేంతో కొలుస్తాం?

వాడిన పత్రిని గేటు పక్కన పడేయకండి, పశువులకీ అది విషమే.

పొరపాటున ఎవరైనా తింటే నోరు పిడచకట్టుకుపోతుంది, ముఖం ఎర్రబడుతుంది, ఒళ్ళు కాలుతుంది గానీ చెమట పట్టదు, గుండె దడదడలాడుతుంది. లేనివాళ్ళతో మాట్లాడతారు, గాల్లో ఏదో ఏరుతున్నట్టు వేళ్ళు ఆడిస్తారు. దెయ్యం పట్టిందని కూర్చోకండి. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించొద్దు. 108కి ఫోన్ చేయండి. తిన్న ఆకో కాయో మిగిలితే కవర్లో వేసి వెంట తీసుకెళ్ళండి, డాక్టర్‌కి చూపించాలి.