మన ఊళ్ళోనే సెన్సిటివిటీ టెస్టు చేసేవాళ్ళను తయారు చేయడం ఎలా?

తిరుపతి, చిత్తూరు చిన్న ల్యాబుల్లో పనిచేసే పిల్లలకు యాంటీబయోటిక్ సెన్సిటివిటీ టెస్టు నేర్పుతుంటాను. మందులకు లొంగని బ్యాక్టీరియా మన దగ్గర ఎంత ఉందో తెలియాలంటే ఇక్కడి శాంపిళ్ళను ఇక్కడివాళ్ళే ఏళ్ళ తరబడి ఒకే తీరుగా చూడాలి. ఎవరో వచ్చి రెండు రోజులు స్లైడ్లు చూపించి సర్టిఫికెట్లు పంచితే ఎవరికీ చేయి తిరగదు.

బ్యాచ్‌కి నలుగురే, అంతకు మించి వద్దు. పాఠం తెలుగులోనే చెప్పండి. మూలర్ హింటన్ అగార్ (బ్యాక్టీరియా పెరిగే జెల్లీ), డిస్కులు (మందు ఉన్న చిన్న కాగితపు బిళ్ళలు), స్వాబులు (దూది పుల్లలు), సెలైన్, స్కేలు, ఇంక్యుబేటర్ ఉంటే చాలు, ఖరీదైన మెషీన్ తర్వాత చూసుకోవచ్చు. 90 మి.మీ. ప్లేటులో 25 మి.లీ. అగార్ పోస్తే 4 మి.మీ. మందం వస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన డిస్కుల డబ్బా గది వేడికి వచ్చేదాకా మూత తెరవొద్దు, చెమ్మ పడితే మందు బలం పోతుంది.

అసలు తప్పంతా జరిగేది కాలనీలను (ప్లేటు మీద పెరిగిన బ్యాక్టీరియా గుంపులను) సెలైన్‌లో కలిపేటప్పుడే. ఆ మసక సరిగ్గా 0.5 మెక్‌ఫార్లండ్ (మసకను కొలిచే ప్రమాణం) ఉండాలి, అంటే మిల్లీలీటరుకు దాదాపు 15 కోట్ల బ్యాక్టీరియా. చిక్కగా కలిపితే జోన్ (డిస్కు చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం) చిన్నదై, పనిచేసే మందు కూడా రెసిస్టెంట్ అని వస్తుంది, డాక్టరు అనవసరంగా పెద్ద మందుకు పోతారు. పల్చనైతే ఇంకా ప్రమాదం, పనిచేయని మందు సెన్సిటివ్‌గా కనిపిస్తుంది.

"సరిపోయింది కదక్కా" అని ట్యూబును ట్యూబ్‌లైటు వైపు ఎత్తి చూపిస్తారు. అలా చూస్తే ఏదైనా సరిపోయినట్టే ఉంటుంది! తెల్ల కార్డు మీద నల్ల గీతలు గీసి, 0.5 మెక్‌ఫార్లండ్ స్టాండర్డ్ ట్యూబును బాగా కలిపి, రెండింటినీ ఆ గీతల ముందు పక్కపక్కన పెట్టాలి. గీతలు రెండింట్లోనూ ఒకేలా మసకబారాలి. మొదటి వారమంతా ఇదొక్కటే చేయించండి, విసుగొచ్చినా సరే, ఒకే కాలనీ నుంచి నలుగురూ విడివిడిగా కలిపి నాలుగు ప్లేట్లు పెడితే మరుసటి రోజు జోన్లలో తేడా 2 మి.మీ. దాటకూడదు, దాటిందా మళ్ళీ మొదటి నుంచి. కలిపిన 15 నిమిషాల్లో ప్లేటు మీద పూసేయాలి, ఫోను వచ్చినా ఎత్తకూడదు.

పూయడం తేలికే. స్వాబును ట్యూబు గోడకు నొక్కి పిండి, ప్లేటు తిప్పుతూ మూడు సార్లు, ఆ తర్వాత 15 నిమిషాల్లో డిస్కులు. సాయంత్రం 4కి ఇంక్యుబేటర్‌లో పెడితే 16–18 గంటలంటే పొద్దున 8, 10 మధ్య చదవొచ్చు.

మే నెలలో మాత్రం జాగ్రత్త. మామూలు ఇంక్యుబేటర్ వేడి చేస్తుందే గానీ చల్లబరచదు, తిరుపతి ఎండల్లో గది 40 డిగ్రీలుంటే లోపలా అంతే. 35 దాటితే ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్‌కు లొంగని స్టాఫ్ బ్యాక్టీరియా) దొరక్కుండా తప్పించుకోవచ్చు. ఆ గదికి ఏసీ ఉండాల్సిందే.

రీడింగ్‌లో ఎస్ (సెన్సిటివ్), ఆర్ (రెసిస్టెంట్) అని మాత్రమే రాసి వదిలేయొద్దు, మిల్లీమీటర్లు రాయించండి. ఎన్ని మిల్లీమీటర్లుంటే ఎస్, ఎన్నుంటే ఆర్ అనే హద్దులు అప్పుడప్పుడు మారుతుంటాయి, మిల్లీమీటర్లు ఉంటే పాత లెక్కలనూ కొత్త హద్దులతో చూసుకోవచ్చు. వాటిని హూనెట్‌లో (ఈ ఫలితాలను దాచి విశ్లేషించే కంప్యూటర్ ప్రోగ్రాంలో) ఎక్కించాలి, అది ఉచితమే. వారానికోసారి ఏటీసీసీ 25922 ఈ.కోలి (జోన్ ఎంత రావాలో ముందే తెలిసిన ప్రామాణిక బ్యాక్టీరియా) పెట్టి చూడండి. జెంటామైసిన్ 10 మైక్రోగ్రాముల డిస్కుకు జోన్ 19–26 మి.మీ. మధ్య రాకపోతే, కారణం దొరికేదాకా జెంటామైసిన్ రిపోర్టు ఒక్కటి కూడా బయటికి ఇవ్వొద్దు.