అమ్మమ్మ వాళ్ల అమ్మ పేరేమిటి? ఆడవాళ్ల వైపు వంశాన్ని వెతికే దారులు

చాలా ఇళ్లలో వంశవృక్షం గీసిన కాగితం ఒకటి ఉంటుంది. అందులో ఉండేవన్నీ మగవాళ్ల పేర్లే. ఆడపిల్ల దగ్గర ఒక చిన్న గీత గీసి వదిలేస్తారు. పెళ్లయ్యాక ఆవిడ ఇంటిపేరు మారుతుంది, గోత్రం మారుతుంది, ఊరు మారుతుంది. అత్తగారిదీ అదే పేరయితే కోడల్ని ఇంకో పేరుతో పిలుస్తారు కాబట్టి అసలు పేరు కూడా మరుగున పడుతుంది. అందుకే నేను మా నాన్న వైపు కాకుండా అమ్మ, అమ్మమ్మ, ఆవిడ తల్లి, ఆ పై తల్లి అనే వరసనే పట్టుకున్నాను. మాది బెల్లం వ్యాపారం చేసిన వైశ్య కుటుంబం. అమ్మ పుట్టిల్లు అనకాపల్లి, అమ్మమ్మ పుట్టిల్లు పిఠాపురం. అంతకు పైన ఎవరికీ ఏమీ తెలియదు. ఇప్పుడు మరో రెండు తరాల పేర్లు తెలిశాయి. ఏది ఎక్కడ దొరికిందో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో చెప్తాను.

ముందు ఇంట్లో పెద్దవాళ్లతో మొదలుపెట్టండి. ఈ పని వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి. "మీ అమ్మమ్మ పేరేమిటి?" అని సూటిగా అడిగితే గుర్తు లేదంటారు. "నీ పెళ్లికి పీటల మీద కూర్చుని కన్యాదానం చేసిందెవరు?" "మీ అమ్మ తొలి పురిటికి ఏ ఊరు వెళ్లింది?" "సంక్రాంతికి సారె ఎక్కడి నుంచి వచ్చేది?" అని అడిగి చూడండి. మాటలో మాటగా పేర్లు వాటంతటవే వస్తాయి. తొలి పురుడు పుట్టింట్లో పోయడం మన ఆచారం కాబట్టి, పెద్ద బిడ్డ పుట్టిన ఊరు సాధారణంగా తల్లి పుట్టిన ఊరే అవుతుంది. జనన రిజిస్టరు కోసం అత్తవారి ఊళ్లో వెతికి ఏమీ దొరకలేదనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. ఫోన్‌లో రికార్డు చేసుకోండి, కానీ ముందు వాళ్లకు చెప్పి చేయండి.

ఇంట్లో ఉన్న పాత ఇత్తడి సామాను దించి చూడండి. బిందెలు, గంగాళాలు, పళ్లేల మీద ఇచ్చినవాళ్ల పేరు, ఒక్కోసారి తేదీ కూడా చెక్కి ఉంటాయి. పెళ్లిళ్లలో రాసిన చదివింపుల పుస్తకం దొరికితే మీ అదృష్టమే. ఎవరు, ఏ ఊరు, ఏమిచ్చారు అనే వివరాలన్నీ అందులో ఉంటాయి. ఆడపడుచుల వైపు వాళ్లు, వియ్యాలవారు ఇంత పూర్తిగా ఒకే చోట కనిపించేది ఆ పుస్తకంలోనే.

ఇక నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడిన దారి తర్పణం. తండ్రి పోయిన మగవాళ్లు అమావాస్యకో, మహాలయ పక్షంలోనో తర్పణం వదిలేటప్పుడు పన్నెండు మంది పేర్లు చెప్తారు. తండ్రి, తాత, ముత్తాత. తల్లి, నాయనమ్మ, తండ్రి నాయనమ్మ. తల్లి వైపు తాత, ఆయన తండ్రి, ఆయన తాత. ఆ ముగ్గురి భార్యలు. వీరినే ద్వాదశ పితృదేవతలంటారు. జాగ్రత్తగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. తల్లి వైపు చెప్పే ఆడవాళ్లు కూడా మాతామహుడి, అంటే తల్లి తండ్రి, వరసలో వచ్చిన భార్యలే. అంటే మీ అన్నయ్య చెప్పే జాబితాలో తల్లికి తల్లి అనే వరస అమ్మమ్మ దగ్గరే ఆగిపోతుంది. దాన్ని దాటాలంటే మేనమామను అడగాలి. ఆయన జాబితాలో మాతామహి (తల్లికి తల్లి) మీ అమ్మమ్మకు తల్లి అవుతుంది. అమ్మమ్మ అన్నదమ్ముల జాబితా సంపాదిస్తే అందులోని మాతామహి ఇంకో తరం పైన ఉంటుంది. ఒక్కో తరంలో ఒక్కో సోదరుణ్ని పట్టుకుని ఇలా పైకి వెళ్లవచ్చు. ఈ మెట్ల దారి నాకు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు, మా పురోహితుడు గారి ఎదురుగా కూర్చుని కాగితం మీద గీసుకుంటే తెలిసింది.

పుష్కరాల జాబితాలు ఇంకా మంచివి. పుష్కర పిండ ప్రదానంలో ఈ పన్నెండు మందితో పాటు పినతండ్రులు, మేనమామలు, మేనత్తలు, అక్కచెల్లెళ్లు, అత్తమామలు, గురువులు అందరి పేర్లూ గోత్రాలతో చెప్పాలి కాబట్టి ఎవరో ఒకరు ముందే కాగితం మీద రాసుకుంటారు. గోదావరికి 1991, 2003, 2015లో పుష్కరాలు వచ్చాయి. అమ్మమ్మ తమ్ముడు 1991లో రాసుకున్న జాబితా ఆయన కొడుకు దగ్గర పంచాంగం మధ్యలో ఉంది. మా తాతమ్మకు తల్లి పేరు అందులోనే దొరికింది. గయలో, హరిద్వార్‌లో పండాల (తీర్థ పురోహితుల) దగ్గర వంశాల బహీలు, అంటే యాత్రికుల పేర్లు రాసిపెట్టిన పుస్తకాలు ఉంటాయి. మీ వాళ్లు ఎప్పుడైనా అక్కడికి వెళ్లి ఉంటే ఊరి పేరు, ఇంటిపేరు చెప్పి అడగండి. కానీ వాటిలోనూ ముఖ్యంగా మగవాళ్ల పేర్లే ఉంటాయి.

తర్పణం పద్ధతి లేని ఇళ్లలో దారి వేరుగా ఉంటుంది. తెలంగాణలో పెత్తరమాసకు (మహాలయ అమావాస్యకు) పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చేటప్పుడు ఆ పేర్లు చెప్పేది ఎవరో కనుక్కోండి. కొన్ని కులాలకు వంశం చెప్పే ఆశ్రిత కులాలున్నాయి. పిచ్చుకుంట్లవారు, భట్రాజులు, డక్కలివారు ఇలాంటివాళ్లే. వాళ్లు గోత్రాలు, ఇంటిపేర్లు, వలస వచ్చిన ఊళ్లు నోటికి చెప్తారు. క్రైస్తవ కుటుంబాలకు చర్చిలో బాప్తిస్మ రిజిస్టర్లు, ముస్లిం కుటుంబాలకు ఖాజీ దగ్గర నిఖా దఫ్తర్లు ఉంటాయి. నిఖా దఫ్తర్‌లో పెళ్లికూతురి పేరు, ఆమె తండ్రి పేరు రాసి ఉంటాయి.

కాగితాల సంగతికొస్తే, అందరూ ముందు భూమి రికార్డులకే పరుగెత్తుతారు. ఆంధ్రలో డైగ్లాట్, ఆర్.ఎస్.ఆర్. అనే పాత సెటిల్‌మెంటు రిజిస్టర్లు, ఇనాం భూములైతే ఇనాం ఫెయిర్ రిజిస్టరు. తెలంగాణలో సేత్వార్ అనే పాత సర్వే రిజిస్టరు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ. తాతల పేర్లకు ఇవి మంచివే. అమ్మమ్మల కోసమైతే నేను మాత్రం సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకే వెళ్లమంటాను. అక్కడ అడగాల్సినవి మూడు. ఒకటి, ఆడపిల్లకు పసుపు కుంకుమల కింద రాసిన దాన దస్తావేజు. రెండు, అన్నదమ్ముల భాగ పంపకాల దస్తావేజు. మూడు, హక్కు విడుదల దస్తావేజు. 1956 హిందూ వారసత్వ చట్టం తర్వాత, ఆపైన 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ తర్వాత ఆస్తి అమ్మాలన్నా పంచుకోవాలన్నా ఆడపిల్లల సంతకాలు అవసరమవుతూ వచ్చాయి. అందువల్ల ఈ దస్తావేజుల్లో అక్కచెల్లెళ్ల పేర్లు, భర్తల పేర్లు, కాపురముంటున్న ఊళ్లు వరసగా ఉంటాయి. ఆన్‌లైన్‌లో ఈసీ (ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువాటికి ఆఫీసులో వెతుకుడు ఫీజు కట్టి అడగాలి. సర్వే నంబరు, హద్దులు తెలిస్తే పని త్వరగా అవుతుంది.

మీది వ్యాపార కుటుంబమైతే చిట్టా (రోజువారీ లెక్కలు), ఆవర్జా (ఎవరి ఖాతా వాళ్లకు విడిగా రాసేది) పుస్తకాలు పాత సామానుతో అమ్మేయకండి. పూర్వం ఇంటి ఆడవాళ్ల డబ్బు కొట్లోనే జమ వేసి వడ్డీ కట్టేవాళ్లు, దానికి విడిగా ఖాతా తెరిచేవాళ్లు. పిఠాపురం ఇంట్లో అటక మీద దొరికిన ఆవర్జాలో మా తాతమ్మ పేరున ఒక పుట ఉంది. మొదటి పద్దులోనే "బొబ్బిలి వారు ఇచ్చిన పసుపు కుంకుమల మొత్తం" అని రాశారు. తాతమ్మ పుట్టిల్లు బొబ్బిలి అని మాకు తెలిసింది అలా.

ఆ పద్దు పైన తేదీ శుభకృత్ నామ సంవత్సరం అని ఉంది. ఇక్కడ కొంచెం ఆగాలి. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. శుభకృత్ అంటే 1902-03 కావచ్చు, 1962-63 కావచ్చు. ఏదో తేల్చడానికి ఇంకో ఆధారం కావాలి. తాతమ్మ పోయిన ఏడాదే కాకినాడలో బాంబు పడిందని అమ్మ చెప్పేది. జపాన్ విమానాలు కాకినాడ, విశాఖపట్నాల మీద బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. కాబట్టి ఆ పద్దు 1902 నాటిదే. ఇలాంటి గుర్తులు ప్రతి ప్రాంతానికీ ఉంటాయి. ధాత కరువు అంటే 1876-78, దివిసీమ ఉప్పెన అంటే 1977 నవంబరు, గోదావరికి పెద్ద వరద అంటే చాలామందికి 1986 ఆగస్టు. పెద్దవాళ్లు చెప్పే "కరువు నాడు పుట్టింది" లాంటి మాటలను కొట్టిపారేయకుండా పక్కన ఏడాది వేసుకోండి.

ఇప్పుడు డీఎన్ఏ. కాగితాలు అయిపోయాకే దీనికి రండి. చేతిలో ప్రశ్న లేకుండా పరీక్ష చేయించుకుంటే "దక్షిణ భారతం ఇంత శాతం" అని ఒక మ్యాప్ వస్తుంది. ఆ సంగతి మనకు ముందే తెలుసు. గోత్రం, ఇంటిపేరు, ఊరు ఏ పరీక్షలోనూ రావు.

పరీక్షలు మూడు రకాలు. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్తుంది, మన వెతుకులాటకు అక్కర్లేదు. మైటోకాండ్రియల్ డీఎన్ఏ తల్లి నుంచి పిల్లలందరికీ వస్తుంది, కానీ కూతుళ్లే దాన్ని ముందుకు ఇస్తారు. అంటే మీ అమ్మ, పెద్దమ్మ, పిన్ని, పిన్ని పిల్లలు, మేనమామ అందరిదీ ఒకటే. మేనమామ పిల్లలది మాత్రం వాళ్ల అమ్మది. మూడోది ఆటోసోమల్, అన్ని వైపుల నుంచీ కలిసి వచ్చేది. అమ్మమ్మ నుంచి సుమారు నాలుగో వంతు, ఆవిడ తల్లి నుంచి ఎనిమిదో వంతు, ఇలా తరానికి సగం తగ్గుతుంది. అందుకే ఇంట్లో అందరికన్నా పెద్దవారికి ముందు చేయించండి. నేను నాకు కాకుండా ముందు మా పెద్దమ్మకు చేయించాను. పెద్దవాళ్లకు నోరు ఎండిపోయి గొట్టం నిండా ఉమ్మి రాదు. బుగ్గ లోపల దూది పుల్లతో రుద్దే కిట్ అయితే సులువు. అంతకు ముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. కంపెనీని బట్టి తేడాలుంటాయి. ఫ్యామిలీ ట్రీ డీఎన్ఏ మైటోకాండ్రియల్ మొత్తం వరసను, అంటే 16,569 అక్షరాలనూ చదివి ఇస్తుంది. ఆన్సెస్ట్రీ తల్లి వరస శాఖను, అంటే ఆ వరస ఏ పాత గుంపులోదో, చెప్పదు.

మైటోకాండ్రియల్ ఫలితాన్ని ఇలా చదవాలి. అది "కాదు" అంటే గట్టిగా నమ్మవచ్చు, "అవును" అంటే అంత గట్టిగా నమ్మలేం. అది చాలా మెల్లగా మారుతుంది కాబట్టి ఇద్దరిదీ ఒకే శాఖ అయినా వాళ్లకు కలిసే తల్లి వేల ఏళ్ల కిందటిది కావచ్చు. మన దేశంలో సగానికి పైగా జనం ఎం అనే పెద్ద శాఖలోనే ఉన్నారు. శాఖలు వేరైతే మాత్రం ఆ ఇద్దరూ ఒకే తల్లి వరస వాళ్లు కారు.

మాకు ఉపయోగపడింది సరిగ్గా ఇదే. విజయనగరంలో ఒక పెద్దావిడ మా తాతమ్మ చెల్లెలి కూతురికి కూతురని అందరూ అనేవారు. ఆవిడ ఒప్పుకుని పరీక్ష చేయించుకున్నారు. ఆటోసోమల్‌లో మా పెద్దమ్మకూ ఆవిడకూ డీఎన్ఏ కలిసింది. మైటోకాండ్రియల్‌లో పెద్దమ్మది ఎం, ఆవిడది యు2. చుట్టరికం ఉంది కానీ తల్లి వరస వేరు. అంటే తాతమ్మ, ఆ చెల్లెలు ఒక తండ్రి బిడ్డలే అయినా తల్లులు వేరై ఉండాలి. బొబ్బిలి వైపు పాత పంపకాల దస్తావేజు తీయిస్తే అందులో "ద్వితీయ భార్య సంతానం" అని స్పష్టంగా ఉంది. డీఎన్ఏ ఒక్కటే ఈ మాట చెప్పలేదు, దస్తావేజు ఒక్కటే చూస్తే మాకు ఆ ప్రశ్నే తట్టేది కాదు.

మన దగ్గర ఆటోసోమల్ ఫలితాలతో ఒక పెద్ద చిక్కుంది. అది మేనరికం. తల్లిదండ్రులు మేనబావ, మేనమరదలు అయితే పిల్లలకు ముత్తాత ముత్తవ్వలు ఎనిమిది మంది బదులు ఆరుగురే ఉంటారు. తరతరాలుగా ఇలాగే జరిగితే దూరపు చుట్టం కూడా దగ్గరి చుట్టంలా కనిపిస్తాడు. కంపెనీ "సెకండ్ కజిన్" అని చూపించినంత మాత్రాన నమ్మేయకండి. మొత్తం సెంటీమోర్గాన్లు (కలిసిన డీఎన్ఏను కొలిచే లెక్క) కాకుండా ఒకే చోట కలిసిన అతి పొడవైన ముక్క ఎంతో చూడండి. చిన్న ముక్కలు ఎన్నో కలిస్తే అది కులం లోపలి పెళ్లిళ్ల వల్ల వచ్చింది కావచ్చు, పొడవైన ముక్క ఉంటే దగ్గరి పూర్వీకులు ఒకరే అయి ఉండే అవకాశం ఎక్కువ.

ఈ లోపలి పెళ్లిళ్ల సంగతి మీద హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్ శాస్త్రవేత్త డేవిడ్ రైక్ తదితరులు 2017లో ప్రచురించిన పరిశోధన మా వైశ్యులందరూ తెలుసుకోవాలి. మాలో కొందరికి బీసీహెచ్ఈ అనే ఎంజైమ్ లోపం ఉంటుంది. ఆపరేషన్‌లో కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు వాళ్ల ఒంట్లోంచి త్వరగా దిగదు, ఊపిరి పీల్చడం కష్టమవుతుంది. ఇంట్లో ఎవరికైనా మత్తు దిగడం ఆలస్యమైందని విని ఉంటే, ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

ఎవరి నమూనా అయినా వాళ్లకు అర్థమయ్యేలా చెప్పి ఒప్పుకున్నాకే ఇవ్వండి. దత్తత, రెండో పెళ్లి లాంటి దాచిన సంగతులు బయటపడవచ్చని ముందే చెప్పండి. 2023లో 23అండ్‌మీ అనే డీఎన్ఏ పరీక్షల కంపెనీ నుంచి సుమారు 69 లక్షల మంది వివరాలు దొంగల చేతికి వెళ్లాయి, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. కాబట్టి పూర్తి పేరుకు బదులు పొడి అక్షరాలు పెట్టుకోండి, ముడి ఫైలు దింపుకుని మీ దగ్గర ఉంచుకోండి, పని అయ్యాక కంపెనీ దగ్గర ఖాతా తీసేయమని అడగండి.

దొరికినదంతా రాసేటప్పుడు ప్రతి ఆడమనిషికీ పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు, అత్తవారింట్లో పిలిచిన పేరు విడివిడిగా వేయండి. ఆ పక్కనే ఆ సంగతి ఎవరు చెప్పారో, ఏ కాగితంలో ఉందో రాయండి. విన్నదాన్ని విన్నదనే రాయండి. మనవడికి తాత పేరు, మనవరాలికి అమ్మమ్మ పేరు పెట్టే ఇళ్లలో ఒకే పేరు మూడు తరాల్లో వస్తుంది కాబట్టి పేరు పక్కన ఏడాది లేకపోతే తర్వాతివాళ్లు కలిపేస్తారు. మళ్లీ గోదావరి పుష్కరాలు 2027లో. ఈసారి జాబితా రాసే అన్నదమ్ములకు ఇప్పుడే ఒక కాపీ ఇచ్చి, మేనత్తలు, అక్కచెల్లెళ్ల పేర్లు వాళ్ల పుట్టింటి వివరాలతో సహా రాయించండి. మా ఇంట్లో ఆ కాగితం ఇప్పటికే తయారైంది, మేనమామ కొడుకు దగ్గర ఒకటి, విజయనగరం ఆవిడ దగ్గర ఒకటి ఉన్నాయి.