రోజుకో ఫారం: ఏడాదిలో 12 రకాల పుస్తకాలు, మొత్తం 24 చదవడం ఎలా?

మొదటిసారి నేను పెట్టుకున్న లెక్క 52 పుస్తకాలు, వారానికొకటి. భోగి నుంచి ముక్కనుమ దాకా ఇంటి నిండా చుట్టాలు, అరిసెలు, కబుర్లు. పండగ వెళ్లేసరికి రెండు పుస్తకాలు బాకీ పడ్డాను. ఆ బాకీ తీర్చాలన్న టెన్షన్‌లో బీరువాలో సన్నగా ఉన్నవల్లా లాగి చదివాను. ఏం చదివానో ఇప్పుడు గుర్తులేదు. ఉగాదికి అదీ ఆగిపోయింది. మరుసటి ఏడాది పుస్తకాలు సగానికి పైగా తగ్గించి, రకాలు పెంచాను. ఆ ఏడాది డిసెంబర్ దాకా బండి నడిచింది. ఎలా నడిచిందో చెప్తాను.

ముందు లెక్క తేల్చుకోండి

24 పుస్తకాలు, ఒక్కోటి సగటున 200 పేజీలు అనుకుందాం. మొత్తం 4,800 పేజీలు. దీన్ని 365తో భాగించకండి, 300తో భాగించండి. మిగిలిన 65 రోజులు పెళ్లిళ్లకీ, జ్వరాలకీ, పిల్లల పరీక్షలకీ పోతాయి. రోజుకి 16 పేజీలు వస్తాయి. ప్రెస్సువాళ్ల లెక్కలో 16 పేజీలంటే ఒక ఫారం. రోజుకో ఫారం అంటే తీరిగ్గా చదివినా అరగంట పని. ఈ అరగంట ఎప్పుడన్నది ముందే తేల్చుకోవాలి. 'వీలు దొరికినప్పుడు' అనుకుంటే ఆ వీలు ఎప్పటికీ దొరకదు. నాది పొద్దున కాఫీ తర్వాత, ఫోన్ ముట్టుకోకముందు. మా విశాఖలో గాజువాక నుంచి ఊళ్లోకి రోజూ బస్సులో వెళ్లేవాళ్లకి, సీటు దొరికితే, ఆ అరగంట దారిలోనే ఉంది. నిలబడి వెళ్లాల్సి వస్తే ఆడియో పుస్తకం వినండి. వినడం చదవడం కాదనే పట్టింపు నాకు లేదు.

రకాలు ఎంచుకోవడం

నా పన్నెండు ఇవి: కథలు, నవల, కవిత్వం, శతకం, నాటకం, యాత్రాకథనం, ఆత్మకథ, చరిత్ర, సైన్సు, అనువాదం, పిల్లల పుస్తకం, డిటెక్టివ్ నవల. ఒక్కో రకంలో రెండేసి. ఆ రెండిట్లో ఒకటి లావుది, ఒకటి సన్నది. మీ పన్నెండు వేరుగా ఉండొచ్చు, కానీ కనీసం ఒక్కటైనా 'ఇది మనకి పడదు' అనిపించేది ఉండాలి. నాకది సైన్సు.

ఇంకో మాట. 24 పేర్లూ జనవరిలోనే రాసేయకండి. రకానికొకటి చొప్పున 12 పేర్లు రాసి, పక్కన 12 ఖాళీ గళ్లు వదలండి. ఏప్రిల్‌లో చదివిన పుస్తకమే జూన్‌లో చదవాల్సినదాన్ని చూపిస్తుంది. నిండిపోయిన లిస్టులో దానికి చోటుండదు.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

అన్నీ కొనక్కర్లేదు. విశాఖ ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది. ముందు అక్కడికి వెళ్లి మీ పన్నెండులో ఎన్ని దొరుకుతాయో చూసుకోండి. కథలకైతే శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టిన కథానిలయం ఉంది. అంత దూరం వెళ్లలేకపోయినా పర్లేదు, వాళ్ల వెబ్‌సైట్‌లో పాత పత్రికల్లో వచ్చిన కథలు వేలల్లో ఉన్నాయి, ఉచితంగా చదువుకోవచ్చు.

పాత పుస్తకాలు కొంటే మాత్రం అక్కడే నిలబడి చివరి పేజీ చూడండి. ఫుట్‌పాత్ మీద ముప్పై రూపాయలకి ఒక డిటెక్టివ్ నవల కొన్నాను. అట్ట బాగుంది, కుట్టు బాగుంది. రెండు రాత్రులు ఊపిరి బిగపట్టి చదివాను. హంతకుడి పేరు చెప్పడానికి డిటెక్టివ్ అందరినీ హాల్లో కూర్చోబెట్టాడు. అక్కడితో పుస్తకం అయిపోయింది. చివరి ఫారం లేదు. సరిగ్గా నా ఒక రోజు చదువు.

ఏ నెలలో ఏది?

చాలామంది ఇక్కడే పొరబడతారు. లావు పుస్తకం మే నెలకి పెట్టుకుంటారు, సెలవులు కదా అని. విశాఖలో మే మధ్యాహ్నం ఉక్కకి చరిత్ర పుస్తకం తెరిస్తే రెండో పేజీకి కళ్లు మూతపడతాయి. ఎండాకాలానికి డిటెక్టివ్, పిల్లల పుస్తకాలు పెట్టుకోండి. లావువి వానలు మొదలయ్యాక. అక్టోబర్, నవంబర్ తుపాన్ల కాలం కాబట్టి ఆ రెండు నెలలూ అచ్చు పుస్తకాలే పెట్టుకోండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక ఎన్నాళ్లు కరెంటు లేదో ఊళ్లోవాళ్లకి చెప్పక్కర్లేదు. ఫోన్‌లో దాచుకున్న పుస్తకాలు ఫోన్‌తో పాటే పడుకున్నాయి.

అరకు రైల్లో చదువుకుందామని పుస్తకం పట్టుకెళ్లేవాళ్లు కొందరుంటారు. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలయ్యాక కిటికీ వదిలి పేజీ చూసినవాళ్లని నేనింకా చూడలేదు. ఆ రోజుని 65లో రాసేసుకోండి.

మొండి పుస్తకాల్ని లొంగదీయడం

కథలూ నవలలూ వాటంతటవే సాగిపోతాయి. ఛాలెంజ్ ఆగేది శతకం దగ్గర, నాటకం దగ్గర, పాత వచనం దగ్గర. ఒక్కోదానికి ఒక్కో పద్ధతి ఉంది.

శతకాన్ని ఒక నెలకి కట్టేయకండి. రోజుకి మూడు పద్యాలు, పైకి చదవాలి. నెలా పది రోజుల్లో దానంతటదే అయిపోతుంది. పక్కన వేరే పుస్తకం నడుస్తూ ఉంటుంది. మన సింహాచలం కొండ మీది స్వామి మీదే గోగులపాటి కూర్మనాథకవి రాసిన సింహాద్రి నారసింహ శతకం ఉంది. భక్తి అంటే వినయంగా ఉంటుందనుకుని మొదలుపెట్టాను. కవి దేవుణ్ణి నిలదీస్తాడు, దెప్పుతాడు, ఇంట్లో పెద్దాయనతో గొడవపడ్డట్టు పోట్లాడతాడు. అర్థం కాని మాటలు చాలానే వస్తాయి. ప్రతిదానికీ నిఘంటువు తీస్తే పద్యం నడక పోతుంది. మూడూ చదివాక, బాగా అడ్డం తగిలిన ఒక్క మాట చూసుకోండి.

నాటకం ఒక్కరే మౌనంగా చదవడం, నన్నడిగితే, దాన్ని పాడుచేసుకోవడమే. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు. మనం ఇప్పుడు చదివేది 1909లో గురజాడ పెంచి రాసిన ప్రతి. ఏడంకాలు, చాలా పెద్దది. మేము దసరా సెలవుల్లో రోజుకో అంకం చొప్పున తలా ఒక పాత్ర తీసుకుని చదివాం. గిరీశం వేషం కోసం మా పెదనాన్నా, బావా పోటీ పడ్డారు. ఇక్కడి యాస వచ్చినవాళ్ల నోట ఆ సంభాషణలు వింటే సగం అర్థం గొంతులోనే తెలిసిపోతుంది.

పాత యాత్రాకథనానికి ఇంకో ఉపాయం. ఏనుగుల వీరాస్వామి 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి మరుసటి ఏడాది తిరిగొచ్చాడు. ఆ కాశీయాత్ర చరిత్ర మొదటి పేజీ నుంచి పట్టుకుంటే నాకు సాగలేదు. తిరుగు ప్రయాణంలో ఆయన మన తీరం మీదుగానే వెళ్లాడు. ముందు మనకి తెలిసిన ఊళ్ల పేజీలు చదివాను. ఆ భాషకి చెవి అలవాటయ్యాక మొదటికి వెళ్లాను. పుస్తకం మధ్యలోంచి మొదలుపెడితే తప్పేం లేదు.

కవిత్వం రోజుకి రెండు కవితలు మించొద్దు. సైన్సు పుస్తకంలో ఒక అధ్యాయం అయ్యాక అది ఇంట్లో ఎవరికైనా చెప్పి చూడండి. చెప్పలేకపోతే మళ్లీ చదవాలి, అంతే.

వదిలేయడానికీ ఒక నియమం

యాభై పేజీలు చదివాక కూడా రేపు తెరవాలనిపించకపోతే మూసేయండి. కానీ దాని బదులు తెచ్చుకునేది అదే రకంలోది కావాలి. శతకం వదిలేసి నవల తెచ్చుకుంటే డిసెంబర్‌కి మీ దగ్గర 24 నవలలు మిగులుతాయి. నేను ఏడాదిలో నాలుగు వదిలాను. వాటిలో మూడు సైన్సువే.

చిట్టా

రెండు రూళ్ల నోటుపుస్తకం చాలు. పేరు, రకం, మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ, ఒక్క వాక్యం. ఆ వాక్యం 'బాగుంది' కాకూడదు. ఏ పేజీలో ఆగారో, ఎందుకు ఆగారో రాయండి. తోడుగా ఒక్కరుంటే మేలు, పదిమంది వద్దు. గ్రూపు పెద్దదైతే పుస్తకాల ఫొటోలు పెరుగుతాయి, పేజీలు తగ్గుతాయి.

జూన్ 30న కూర్చుని లెక్క చూసుకోండి. పన్నెండుకి తొమ్మిదే అయ్యుంటే ఖాళీ గళ్లలో సన్న పుస్తకాలు వేసుకోవచ్చు. ఆరే అయ్యుంటే మొత్తాన్ని 18కి దించేయండి, రకాలు మాత్రం పన్నెండూ ఉంచండి. డిసెంబర్‌కి కొత్తవేమీ పెట్టుకోకండి. ఆ నెల సగంలో ఉన్నవాటికే.

నా లిస్టులో 23 టిక్కులున్నాయి. ఆ డిటెక్టివ్ నవల పక్కన సగం టిక్కు. దాని పూర్తి ప్రతి కోసం ఇప్పటికీ ఫుట్‌పాత్ దుకాణాల దగ్గర ఆగుతూనే ఉన్నాను. అట్ట చూడను, నేరుగా చివరి పేజీ తిప్పుతాను.