కోనసీమ ప్రయాణానికి చేతిసంచి సర్దుకునే తీరు

చేతిసంచి సర్దేముందు దానిని మంచం మీద పూర్తిగా బోర్లించి, పాత టికెట్లు, నలిగిన రసీదులు, గడువు దాటిన మాత్రలు తీసివేయాలి. గోదావరి డెల్టాలో వానాకాలమంతా జల్లు ఎప్పుడు ముంచుకొస్తుందో తెలియదు కనుక, ఫోను, కాగితాలు, నోట్లు జిప్పున్న ప్లాస్టిక్ కవరులో పెట్టడం నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. నర్సాపురం రేవులో సఖినేటిపల్లికి గోదావరి దాటించే పంటు (పెద్ద పడవ) ఎక్కేటప్పుడు ఒకసారి నా సంచి తడిసి, మందుల చీటీ మీద సిరా అంతా అలుక్కుపోయింది. అప్పటి నుంచి చీటీని ఫోనులో ఫొటో తీసి కూడా ఉంచుకుంటున్నాను.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో మహిళలు ఉచితంగా ప్రయాణించాలంటే గుర్తింపు కార్డు చూపాలి కాబట్టి, ఆధార్ కార్డును వెతుక్కునే పని లేకుండా పై అరలోనే ఉంచాలి. చిల్లరకు చిన్న పర్సు వేరుగా ఉండాలి, ఎందుకంటే ఆటోకైనా పంటుకైనా పది, ఇరవై నోట్లే అక్కరకొస్తాయి. ఎండాకాలంలో నీళ్ల సీసాతో పాటు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ వేసుకుని, అవసరమైనప్పుడు దానిమీద రాసినంత నీటిలో పొడి మొత్తం కలపాలి. పిన్నీసులు, దువ్వెన, చేతిరుమాలు పక్క అరలో సరిపోతాయి. తడిసిన గొడుగును మాత్రం సంచిలో దోపకుండా వేరే కవరులో చుట్టి చేత పట్టుకోవాలి.